యోగమునకు అధికారులెవరు? సికింద్రాబాదు అభ్యాసకులను గూర్చిన విచారము

1. ప్రస్తావన

శాస్త్రగ్రంథములను రచించిన పూర్వులు గ్రంథారంభమున నాలుగు అంశములను తప్పక నిరూపించెడివారు. విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి అనునవి ఆ నాలుగు. వీనికి అనుబంధచతుష్టయమని పేరు. ఏమి చెప్పుచున్నాము, ఎందులకు చెప్పుచున్నాము అను ప్రశ్నలతోపాటు ఎవరికి చెప్పుచున్నాము అను ప్రశ్నకును సమాధానమీయనిదే వారు ముందునకు సాగెడివారు కారు. నేడు యోగమును గూర్చి తెలుగున వెలువడుచున్న పుస్తకములలో విషయము విరివిగా కలదు. ప్రయోజనము అంతకంటెను విరివిగా కలదు. అధికారి ప్రసక్తి మాత్రము మిక్కిలి అరుదు. యోగాభ్యాసమునకు పూనుకొనువారెవరు, వారు దేనిని కోరి పూనుకొనుచున్నారు అను రెండు ప్రశ్నలను ప్రాచీన గ్రంథముల సాయముతోను, సికింద్రాబాదు నగరమున కనవచ్చుచున్న స్థితిని బట్టియు పరిశీలించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

సికింద్రాబాదునే ఎన్నుకొనుటకు కారణము కలదు. 1806లో మూడవ నిజాము సికందర్ జా పేరిట వెలసిన ఈ ఊరు దండు ఊరు. బ్రిటిషు సైన్యము కొఱకు ఏర్పడిన కంటోన్మెంటు చుట్టును వర్తకులు, గుమాస్తాలు, 1874లో స్టేషను వచ్చిన పిమ్మట రైల్వే ఉద్యోగులు చేరి దీనిని నగరముగా పెంచిరి. మఠములు గాని, ప్రాచీన సిద్ధక్షేత్రములు గాని దీనికి ప్రసిద్ధి తెచ్చినవి కావు. ఇట్టి ఊరిలో యోగమును చేపట్టినవారు పరంపరాగతముగా కాక, తమ తమ అవసరములను బట్టి చేపట్టినవారు. అందుచే కారణవిచారమునకు ఇది అనువైన స్థలము. అంతేగాక ఇరువదవ శతాబ్ది చివరి పాదమున ఈ నగరముననే యోగాభ్యాసకుల ఊపిరిని, రక్తమును యంత్రములతో కొలిచి చూచిన పరిశోధన జరిగినది. దానిని ముందు వివరింతుము.

2. శబ్దవిచారము

ఒక ఆచారమును ఎవరు పాటించుచున్నారో తెలిసికొనుటకు దానిని తెలిపెడి మాటలను పరిశీలించుట మంచి మార్గము. యోగశబ్దమునకు మూలమైన 'యుజ్' ధాతువు సంస్కృతమున రెండర్థములలో కలదు. ఒకటి కలయిక, రెండవది సమాధి. పతంజలి సూత్రములకు భాష్యము రచించిన వ్యాసుడు యోగమనగా సమాధియే అని నిర్ణయించెను. తెలుగు వ్యవహారమున ఈ పదము వేఱు దారులు కూడ పట్టినది. 'వానికి ఆ యోగము లేదు' అన్నప్పుడు ప్రాప్తి అని యర్థము. 'రాజయోగము పట్టినది' అన్నప్పుడు అది జ్యోతిషమునుండి వచ్చిన అదృష్టము. 'యోగక్షేమములు' జాబులలో కుశలప్రశ్నగా నిలిచినది. సాధనార్థమున మాత్రము యోగము సామాన్య గృహస్థుని నోట అంతగా వినబడలేదు.

'యోగి' శబ్దమునకు తద్భవమైన 'జోగి' యొక్క చరిత్ర మఱింత విశేషమైనది. సంస్కృతమున యోగి ఎంతటి పూజ్యుడో తెలుగు పల్లెలో జోగి అంతటి నిరుపేద. బూడిద పూసికొని ఇంటింట బిచ్చమెత్తువాడు జోగి. జోగీ జోగీ రాచుకొన్న బూడిద రాలునను సామెత అతనిని గూర్చి సంసారులు ఏమనుకొనిరో తెలుపుచున్నది. ఐనను అదే సంసారులు తమ బిడ్డలకు జోగయ్య యనియు, జోగమ్మ యనియు పేరిడుకొనిరి. గౌరవము, ఎగతాళి, భయము ఈ మూడును ఆ పదమున కలసియున్నవి. యోగము చేయువాడు ఊరికి వెలుపలి మనిషి. ఊరివారు అతనికి భిక్ష పెట్టుదురు గాని అతని పనిని తాము చేయరు.

ఇక నేటి వాడుకలోని 'యోగా' అను దీర్ఘాంతరూపము. ఇది తత్సమము కాదు, అట్లైనచో యోగము అని యుండవలెను. తద్భవమును కాదు. సంస్కృత పదము ఆంగ్లభాషకు పోయి, ఆ ఉచ్చారణతో మరల మన భాషలోనికి వచ్చినది. తత్సమమొకటి విదేశయాత్ర చేసి అన్యదేశ్యముగా తిరిగి వచ్చుట వ్యాకర్తలకు వినోదము కలిగించు విషయమే. కాని ఇందొక ముఖ్యాంశము కలదు. 'యోగా' నుండి కర్త్రర్థకమైన నామము పుట్టలేదు. 'యోగా చేయుచున్నారు', 'యోగాకు వెళ్లుచున్నారు' అందుము. అట్లు చేయువారిని యోగి యనిన ఎవరును ఒప్పుకొనరు. రైల్వే కార్యాలయమున పనిచేయు గుమాస్తాను యోగి యని పిలిచినచో ఆయన సిగ్గుపడును. పూర్వము యోగము మనిషికి పేరు మార్చెడిది, వేషము మార్చెడిది, ఇల్లు విడిపించెడిది. నేడు అది దినచర్యలో ఒక గంట. అధికారి మారినాడనుటకు భాషయే సాక్ష్యము.

3. శాస్త్రములలో అధికారవిచారము

వేదాంతము అధికారమును ముందుగా కోరును. నిత్యానిత్యవస్తువివేకము, వైరాగ్యము, శమదమాదులు, ముముక్షుత్వము అను సాధనచతుష్టయము కలవాడే బ్రహ్మవిచారమునకు తగినవాడని శంకరుల మతము. హఠయోగగ్రంథముల వైఖరి ఇందుకు భిన్నము. పదమూడవ శతాబ్దికి చెందినదని పండితులు భావించు దత్తాత్రేయయోగశాస్త్రము బ్రాహ్మణుడు, సన్న్యాసి, బౌద్ధుడు, జైనుడు, కాపాలికుడు, కడకు చార్వాకుడు సహితము శ్రద్ధతో అభ్యసించినచో సిద్ధి పొందునని చెప్పినది. పదునైదవ శతాబ్దిలో స్వాత్మారాముడు రచించిన హఠయోగప్రదీపిక పడుచువాడు, ముసలివాడు, పండుముసలి, రోగి, దుర్బలుడు ఎల్లరును అభ్యాసము వలన ఫలము నందుదురని తెలిపి, వేషము ధరించినంత మాత్రమునను, మాటలు చెప్పినంత మాత్రమునను ఏమియు కలుగదని హెచ్చరించినది. అనగా ఇచ్చట అభ్యాసమే అధికారమును కలిగించును.

ఐనను అందరికి ఒకే అభ్యాసమని ఈ గ్రంథములు చెప్పలేదు. శివసంహిత సాధకులను మృదువు, మధ్యముడు, అధిమాత్రుడు, అధిమాత్రతముడు అని నాలుగు తరగతులుగా విభజించి, ఒక్కొక్కరికి తగిన మార్గమును నిర్దేశించినది. వ్యాసభాష్యము కూడ పతంజలి రెండవ పాదమును అవతరింపజేయుచు, మొదటి పాదమున చెప్పినది నిలుకడగల చిత్తము కలవానికనియు, బహిర్ముఖమైన చిత్తము కలవానికి క్రియాయోగము చెప్పబడుచున్నదనియు వివరించినది. తలుపు అందరికి తెరచియున్నది, గదులు మాత్రము వేఱువేఱు అని దీని సారాంశము.

శివసంహిత విభాగము శక్తిని బట్టి చేసినది. కోరికను బట్టి చేసిన విభాగము భగవద్గీత ఏడవ అధ్యాయమున కనబడును. ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని అను నలుగురు భగవంతుని ఆశ్రయింతురని అందు కలదు. అది భక్తులను గూర్చిన మాట. ఐనను యోగాభ్యాసకులకు అన్వయించి చూచినచో మిక్కిలి ఉపయోగపడును. బాధ తీరుటకై వచ్చువాడు ఆర్తుడు. తెలిసికొనగోరి వచ్చువాడు జిజ్ఞాసువు. బలము, సంపద, కీర్తి, వృత్తిలో రాణింపు మొదలగు లాభమును కోరి వచ్చువాడు అర్థార్థి. దేనిని కోరక అభ్యాసమునందే నిలిచినవాడు జ్ఞాని. ఈ వ్యాసమున ఇకమీద మేము ఈ విభాగమునే అనుసరింతుము.

దీనితోపాటు ఒక సూత్రార్థమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. పతంజలి మొదటి పాదమున చిత్తమును చెదరగొట్టు అంతరాయములను తొమ్మిదింటిని లెక్కించెను. వానిలో మొదటిది వ్యాధి. అనగా ఆయన దృష్టిలో రోగము యోగమునకు అడ్డము, యోగము కొఱకు రోగమును తొలగించుకొనవలెను. నేటి అభ్యాసకులలో పెక్కుమంది రోగమును తొలగించుకొనుటకై యోగమును చేయుచున్నారు. సాధ్యము సాధనమైనది, సాధనము సాధ్యమైనది. ఆసనము విషయముననూ ఇట్లే. యోగసూత్రములలో ఆసనమును ప్రత్యేకముగా నిరూపించు సూత్రములు మూడే. నేడు యోగమనగా ఆసనములే యని తలచువారు అనేకులు. ఈ మార్పు తప్పా ఒప్పా అని తీర్పు చెప్పుటకు ముందు, ఇది ఎంత కొత్తదో తెలుగు సాహిత్యము వలన తెలిసికొందము.

4. తెలుగు సాహిత్యమున యోగాభ్యాసకులు

పదునైదవ శతాబ్దిలో గౌరన ద్విపదలో రచించిన నవనాథచరిత్రము శ్రీశైల మఠముతో సంబంధము కలది. అందు సారంగధరుని కథ కలదు. సవతితల్లి నిందకు గురియై కాలుసేతులు పోగొట్టుకొన్న రాజకుమారుడు మీననాథుని అనుగ్రహమున యోగాభ్యాసము చేసి చౌరంగియను సిద్ధుడయ్యెను. ఇతడు యోగమును చేపట్టుటకు కారణము తత్త్వజిజ్ఞాస కాదు, ఛేదింపబడిన దేహము. తెలుగు కావ్యములలో ఆర్తాభ్యాసకునికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము లేదని మా అభిప్రాయము. దేహబాధతో యోగమును చేరుట ఆధునికుల పతనమనువారు ఈ కథను మరల చదువవలెను.

అదే శతాబ్దికి చెందిన మడికి సింగన వాసిష్ఠరామాయణమును తెలిగించెను. అందలి రాముడు తీర్థయాత్రలు చేసి వచ్చి, భోజనముపైనను వినోదములపైనను రుచి కోలుపోయిన యువకుడు. అతనికి రోగము లేదు, లోటు లేదు. బ్రదుకునకు అర్థమేమి అను ప్రశ్నయే అతనిని వసిష్ఠుని చెంత కూర్చుండబెట్టినది. ఇతడు జిజ్ఞాసువు.

స్త్రీల అధికారమును గూర్చి కూడ తెలుగు సాహిత్యము మౌనము వహింపలేదు. భాగవతము తృతీయస్కంధమున కపిలుడు యోగమును ఉపదేశించినది తన తల్లియైన దేవహూతికి. పోతన భాగవతము ద్వారా ఈ సన్నివేశము తెలుగిండ్లకు చేరినది. పదునెనిమిదవ శతాబ్దిలో తరిగొండ వెంగమాంబ, బాల్యముననే భర్తను కోలుపోయిన స్త్రీ, రాజయోగామృతసారము, అష్టాంగయోగసారము అను గ్రంథములను రచించినది. ఆమె యోగమును అభ్యసించుటయే కాక దానిని ఇతరులకు చెప్పు అధికారమును కూడ తనంతట తాను చేకొన్నది. నేడు యోగాతరగతులలో స్త్రీలను చూచి ఇది పాశ్చాత్యుల పోకడ యనువారికి వెంగమాంబయే సమాధానము.

ఇక వేమన. ఆయన పద్యములను 1829లో సి. పి. బ్రౌన్ ఆంగ్లానువాదముతో అచ్చు వేయించెను. వేమన జీవితమును గూర్చి మనకు చరిత్రకంటె ఐతిహ్యములే అధికము. ఆయన తొలుత భోగియనియు, బంగారము చేయు విద్యకై పాటుపడెననియు, ఆప్తుల మరణమునకు కుమిలి విరక్తుడయ్యెననియు జనులు చెప్పుకొందురు. 1947లో వచ్చిన 'యోగి వేమన' చలనచిత్రమున నాగయ్య అభినయము ఈ ఐతిహ్యమును ఇంటింటికి చేర్చినది. ఇది చరిత్రగా నిలుచునా లేదా అనునది వేఱు మాట. కథాస్వరూపమును మాత్రము గమనింపుడు. బంగారమును కోరినప్పుడు వేమన అర్థార్థి, దుఃఖించినప్పుడు ఆర్తుడు, ప్రశ్నించినప్పుడు జిజ్ఞాసువు, కట్టుబట్టను కూడ విడిచినప్పుడు జ్ఞాని. గీతలో నలుగురుగా చెప్పబడినవారు తెలుగువారి ఊహలో ఒకే మనిషి జీవితమున నాలుగు మెట్లయినారు. కోరిక ప్రవేశమునకు ద్వారమే గాని అక్కడనే ఆగవలెనను నియమము లేదని జనులు గ్రహించిరనుటకు ఇది నిదర్శనము.

బలము కోరి ప్రాణాయామమును చేపట్టినవారికి ఇటీవలి ఉదాహరణము కోడి రామమూర్తి నాయుడు. ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో ఆయన ఊపిరి బిగబట్టి రొమ్మునకు చుట్టిన ఇనుపగొలుసును తెంచి ప్రేక్షకులను అచ్చెరువు నొందించెడివాడు. అంతవఱకు దేహబలమునకు సాముగరిడీలును, హైదరాబాదు ప్రాంతమున తాలింఖానాలును ఉండెను, యోగమునకు మఠములుండెను. ఈ రెండును కలిసిన కాలమది. 1918లో యోగేంద్ర బొంబాయియందును, 1924లో కువలయానంద లోనావళాయందును స్థాపించిన సంస్థలు ఈ కలయికకు శాస్త్రీయరూపము నిచ్చినవి.

5. సికింద్రాబాదు: 1893వ సంవత్సరము

1893 ఫిబ్రవరి 13న వివేకానందస్వామి సికింద్రాబాదులోని మహబూబ్ కళాశాలలో ఉపన్యసించిరి. అప్పటికి ఆయన చికాగో వెళ్లలేదు. పాశ్చాత్యదేశములలో తాము చేయబోవు కార్యమే ఆ ఉపన్యాసమునకు విషయము. వేయిమందికి పైగా వినిరి, వారిలో యూరోపియనులును ఉండిరి. మూడు సంవత్సరములకు, 1896లో, ఆయన 'రాజయోగము' ఆంగ్లమున వెలువడి యోగమును లోకమంతట చర్చనీయము చేసినది.

ఈ యాత్రలోనే జరిగిన ఒక చిన్న సంఘటనను ఆయన 1900 జనవరిలో లాస్ ఏంజిలిస్ నగరమున మనశ్శక్తులను గూర్చి ప్రసంగించుచు చెప్పిరి. హైదరాబాదున ఒక బ్రాహ్మణుడు వ్యాపారము చేసికొనుచు, వట్టి చేతులతో వస్తువులను రప్పించు శక్తి కలవాడని పేరు పొందియుండెను. స్వామి ఆ విద్యను చూడగోరిరి. ఆ సమయమున అతనికి జ్వరము. సాధుపురుషుడు తలపై చేయి ఉంచినచో జ్వరము తగ్గునను నమ్మికతో అతడు ముందు తన తలపై చేయి ఉంచుమని స్వామిని వేడుకొనెను. పిమ్మట ద్రాక్షపండ్లను, నారింజపండ్లను, చివరకు మంచుతడి ఆరని గులాబీలను రప్పించి చూపెను.

మాకు ఇందు విశేషముగా తోచినది పండ్లు కాదు, జ్వరము. సిద్ధులున్నవని పేరు పొందినవాడు కూడ తన జ్వరము విషయమున ఆర్తుడే. ఆతడు అర్థార్థిగా ప్రదర్శనము చేయుచు, ఆర్తుడుగా ప్రార్థించెను. చూడవచ్చిన స్వామి అచ్చట జిజ్ఞాసువు. సిద్ధులు సమాధికి విఘ్నములని పతంజలి మూడవ పాదమున చెప్పిన మాటకు ఇంతకంటె సహజమైన వ్యాఖ్యానము దొరకుట కష్టము.

6. కొలతకు లోనైన అభ్యాసకులు

సుమారు తొంబది సంవత్సరముల పిమ్మట ఈ జంటనగరములలో యోగము ప్రయోగశాలకు చేరినది. సికింద్రాబాదులోని వేమన యోగ పరిశోధన సంస్థ పేరిట 1980, 1990 దశకములలో వైద్యపత్రికలలో వ్యాసములు వెలువడినవి. వైద్యులైన బి. కె. సహాయ్, కె. జె. ఆర్. మూర్తి మున్నగువారి పేర్లు ఆ కాలపు యోగపరిశోధన వ్యాసములలో కనబడును. ఆ పరిశోధనలలో పాల్గొన్నవారిని చూచినచో మన విభాగము ఎంతయో స్పష్టమగును.

మొదటివారు రోగులు. రేచకపూరకకుంభకములు ఉబ్బసరోగులపై కలిగించు ప్రభావమును గూర్చిన వ్యాసము 1984లో వెలువడినది. మధుమేహరోగులను గూర్చిన పరిశీలనము కూడ అదే సంవత్సరమున ప్రకటితమైనది. వీరు ఆర్తులు.

రెండవవారు ఆరోగ్యవంతులైన యువజనులు. 1986లో ప్రకటితమైన పరిశోధనలో పదునెనిమిది మొదలు ఇరువదియెనిమిది ఏండ్ల వయస్సు గల పండ్రెండుగురు, ఆరుగురు పురుషులు, ఆరుగురు స్త్రీలు, 90 దినములు శిక్షణము పొందిరి. మొదటి 20 దినములు ప్రాణాయామము మాత్రమే నేర్పి, తరువాత ఆసనములను చేర్చిరి. కదలెడి పట్టాపై నడిపించి పరీక్షింపగా, శ్రమానంతరము రక్తమున లాక్టేటు పెరుగుట మొదట స్పష్టముగా కనబడి, 90 దినముల పిమ్మట కనబడలేదు. స్త్రీలు మునుపటికంటె ఎక్కువ శ్రమను తట్టుకొనగలిగిరి. కండరములు ప్రాణవాయువు చాలక శ్రమించినప్పుడు రక్తమున లాక్టేటు పెరుగును. అది పెరుగకుండుట అదే పనిని దేహము సులువుగా చేయుచున్నదనుటకు గుర్తు. వీరిని జిజ్ఞాసువులందుము, వారిని పరీక్షించినవారును జిజ్ఞాసువులే.

మూడవవారు క్రీడాకారులు. 1994లో వెలువడిన వ్యాసము వారిని రెండేండ్లు పరిశీలించిన ఫలితము. ప్రాణాయామము చేసిన క్రీడాకారులు తక్కువ ప్రాణవాయువుతో ఎక్కువ పని చేయగలిగిరనియు, విశ్రాంతిగా నున్నప్పుడు వారి రక్తమున లాక్టేటు తగ్గెననియు అందు కలదు. 1997లో ఆరుగురు స్త్రీలకు తీవ్రశిక్షణ నిచ్చి చేసిన పరిశీలనమున వారు చేయగల గరిష్ఠశ్రమ నూటికి 21 వంతులు పెరిగినట్లు తేలినది. గెలుపు కోరు క్రీడాకారుడు అర్థార్థి. వృత్తి కొఱకు అభ్యసించు సైనికుడును అట్టివాడే. హైదరాబాదున చదివిన రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్‌లో వ్యోమయాత్ర చేసినప్పుడు అచ్చట యోగాభ్యాసము చేసి చూచుట అందరెరిగినదే.

ఈ పరిశోధనలలో పాల్గొన్నవారి సంఖ్య స్వల్పము. ఆరుగురిని, పండ్రెండుగురిని చూచి లోకమునకంతటికి సూత్రము చెప్పరాదు. ఐనను మఠములు లేని దండు ఊరిలో, వేమన పేరిట వెలసిన సంస్థలో, యోగమును నమ్మువారు దానిని పరీక్షకు ఒప్పగించుట గొప్ప విషయము. నాలుగవ తరగతివాడైన జ్ఞాని మాత్రము ఏ పట్టికలోను కనబడడు. అతనిని కొలుచు యంత్రము లేదు.

7. నేటి స్థితి

తెల్లవారక పూర్వమే సంజీవయ్య ఉద్యానమునను, మారేడ్‌పల్లి, పద్మారావునగర్, సైనిక్‌పురి కాలనీలలోని పార్కులలోను చాపలు పఱచుకొనువారిని చూచినచో మొదట గోచరించునది నెరసిన జుట్టు. ఉద్యోగవిరమణ చేసిన రైల్వే, బ్యాంకు, సైనికోద్యోగులు, వారి ఇల్లాండ్రు తఱచుగా కనబడుదురు. ఏల వచ్చితిరని అడిగినచో మోకాళ్లు, నడుము, రక్తపుపోటు, చక్కెరవ్యాధి, నిద్రలేమి అను మాటలే వినవత్తురు. సాయంకాలపు తరగతులలో కంప్యూటరు ముందు గంటలకొలది కూర్చుండి మెడ పట్టుకొన్న యువకులు, ప్రసవమునకు ముందును వెనుకను దేహమును కాపాడుకొనగోరు స్త్రీలు కలరు. నోటితో చెప్పు కారణము నడుమునొప్పి యైనను, లోపల మఱియొకటి యుండుట కద్దు. బిడ్డలు విదేశములకు వెళ్లిన ఇంటిలోని నిశ్శబ్దము, భార్య లేక భర్త పోయిన పిమ్మటి ఒంటరితనము, ఉద్యోగభయము అట్టివి. ఒక గంటసేపు పదిమందితో కలిసి ఊపిరి పీల్చి విడుచుట వారికి ఔషధమే. వీరందరును ఆర్తులే, ఐతే ఆర్తి యొక్క చిరునామా వేఱు.

2014 డిసెంబరు 11న ఐక్యరాజ్యసమితి జూన్ 21ని యోగదినముగా ప్రకటించినది. 177 దేశములు ఆ తీర్మానమునకు సహప్రతిపాదకులుగా నిలిచినవి. 2015 నుండి ఆ దినము జరుగుచున్నది. 2023 మే నెలలో సికింద్రాబాదు పరేడ్ మైదానమున యోగదినమునకు సన్నాహముగా పెద్ద సమావేశము జరిగినది. 2025 జూన్ 21న విశాఖపట్టణ సముద్రతీరమున మూడు లక్షలకు పైగా జనులు ఒకేసారి అభ్యసించిరి. ఇట్టి సభలకు వచ్చువారిలో పై నలుగురితోపాటు అయిదవవాడు కూడ కలడు. ఆతడు పిలువగా వచ్చినవాడు. పాఠశాల పంపగా వచ్చిన బాలుడు, కార్యాలయము పంపగా వచ్చిన ఉద్యోగి ఈ తరగతివారు. గీతలో వీరికి స్థానము లేదు గాని, వీరిలో కొందఱు మరునాడు కూడ చాప పఱతురేమో చెప్పలేము.

విదేశముల స్థితి కూడ దీనికి దూరము కాదు. అమెరికా ప్రభుత్వపు ఆరోగ్యగణాంకసంస్థ లెక్క ప్రకారము 2022లో ఆ దేశపు వయోజనులలో నూటికి 16.9 మంది యోగాభ్యాసము చేసిరి. స్త్రీలలో అది 23.3, పురుషులలో 10.3. అభ్యాసకులలో నూటికి 80 మంది సామాన్యారోగ్యము కొఱకును, 28.8 మంది నొప్పి ఉపశమించుట కొఱకును చేయుచున్నామని చెప్పిరి. సన్న్యాసిపురుషుని సొత్తుగా తలపబడిన విద్య నేడు అచ్చట ఎక్కువగా గృహస్థస్త్రీల అభ్యాసమైనది. సారంగధరుని ఆర్తియు, దేవహూతి అధికారమును సముద్రము దాటినవనవచ్చును.

8. ఉపసంహారము

అధికారిని విచారించుట తలుపు మూయుటకు కాదు. దత్తాత్రేయయోగశాస్త్రము చార్వాకునికే చోటిచ్చినప్పుడు నడుమునొప్పితో వచ్చినవానిని తక్కువగా చూచుటకు మనమెవరము? నమస్కారములు, మంత్రోచ్చారణము తమ మతమునకు పొసగవని సంకోచించు అభ్యాసకులు కూడ సికింద్రాబాదువంటి పలుమతముల ఊరిలో కలరు. ఊపిరికి మతము లేదని తెలిసిన గురువు వారికి తగిన పద్ధతిని చూపగలడు.

మఱి విచారణ ఎందులకు? ఏ గది ఎవరిదో తెలియుటకు. పదునేడవ శతాబ్ది నాటి తెలుగుదేశపు యోగి శ్రీనివాసుడు హఠరత్నావళిలో ఎనుబదినాలుగు ఆసనములను పేరుపేరున పేర్కొనెను. ఆ గ్రంథము 1982లో ఎం. వెంకటరెడ్డి సంపాదకత్వమున అచ్చైనది. ఎనుబదినాలుగు ఉన్నవనగా అందరును ఎనుబదినాలుగును చేయవలెనని కాదు. శీర్షాసనమున నున్నప్పుడు కంటిలోని ఒత్తిడి సుమారు రెండింతలగునని 2006లో ప్రకటితమైన ఒక పరిశోధన తెలిపినది. నీటికాసులు అను కంటిజబ్బు కలవానికి అది హాని. అధికరక్తపుపోటు కలవానికి బలాత్కారముగా చేయు కుంభకము హాని. వచ్చినవానిని 'నీవెవరవు, ఏల వచ్చితివి' అని అడుగని గురువు శాస్త్రమును తెలిసినవాడు కాడు, వైద్యమును తెలిసినవాడును కాడు. ఒకే మైదానమున వేలమందిచేత ఒకే ఆసనమును చేయించునప్పుడు ఈ ప్రశ్న మఱింత అవసరము.

ఆర్తుని ఆశ మిక్కిలి మెత్తనిది. ఉబ్బసమునకును, చక్కెరవ్యాధికిని యోగము తోడ్పడునని చెప్పుట వేఱు, మందులు మానుమని చెప్పుట వేఱు. తోడ్పాటును చికిత్సగా అమ్మువాడు ఆర్తుని ఆర్తినే మూలధనము చేసికొన్న అర్థార్థి. సికింద్రాబాదు పరిశోధకులు తమ అభ్యాసకులను యంత్రముల యెదుట నిలిపి, కనబడినంతనే చెప్పిరి. బోధకులును ఆ నిగ్రహమునే పాటింపవలెను. సత్యము యమములలో రెండవది, ఆసనముకంటె ముందు వచ్చునది.

అభ్యాసకులకు చెప్పదగిన మాట ఒకటి కలదు. నొప్పి తగ్గిన నాడే చాపను చుట్టి అటకపై పెట్టువారు అనేకులు. వారికి కావలసినది దొరకినది, తప్పు లేదు. కాని నొప్పి పోయిన పిమ్మట కూడ తెల్లవాఱుజామున లేచి వచ్చువారు కొందఱుందురు. ఇంకను ఏల వచ్చుచున్నారని అడిగినచో వారు చప్పున సమాధానము చెప్పలేరు. ఏ కారణము చేత మొదలిడిరో ఆ కారణము తీరినది, అభ్యాసము మిగిలినది. వేమనకథలో జనులు ఊహించిన మార్గమున వారు మొదటి మెట్టు దాటినవారు. వారిని ఏమని పిలువవలెనో నేటి తెలుగున మాట లేదు. యోగి యన్నచో ఎక్కువ, జోగి యన్నచో తక్కువ. ప్రాచీనులు మాత్రము అట్టివానినే అధికారి యనిరి.